వడినీటి మంచె

వల ముంచడం, నీటి వాలుకి వదలడం, అడుగున రాళ్ళకి తగలకుండా ఈడ్చుకొచ్చి పైకెత్తడం. ఖాళీ. మళ్ళీ ముంచడం. అన్నయ్య నెస్తొరి చేతుల్లో ఆ పొడవాటి కర్ర వల ఎక్కడా తొందరపడటం లేదు, విసుగూ పడటం లేదు. నది మీదికి కట్టిన మంచె వెనక పలకల మీద కూర్చుని తనెలి ఆ చేతులనే చూస్తున్నాడు. తన వంతు వచ్చేదాకా చూడటమే పని. మంచె కింద నది తెల్లగా ఉడుకుతున్నట్టు పొర్లిపోతోంది. కూర్చున్న పలకలు ఆగకుండా వణుకుతున్నాయి, ఆ వణుకు తుంటి ఎముకల్లోంచి పళ్ళదాకా పాకుతోంది. ఇక్కడ మనిషి మాట మనిషికి వినబడాలంటే చెవికి నోరు ఆనించి అరవాలి. అందుకే మంచె మీద ఎవరూ మాట్లాడుకోరు. అది తెలిసే కదా నిన్న భోజనాల దగ్గర ‘పొద్దున నేనూ వస్తాను’ అన్నాడు? ఇవాళ తప్పకుండా అడిగేయాలి అనుకుంటూనే, అడగడానికి వీల్లేని చోటు వెతుక్కున్న మనసు ఎంత గడుసుది! రేపు మధ్యాహ్నం బస్సు. ఆ తర్వాత స్వీడన్ రైలు, గోథెన్‌బర్గ్‌లో రేవు వెనక సందు, ఆ సందులో ఒక గది. అడగకుండా ఆ బస్సెక్కితే మళ్ళీ రాడు. తన సంగతి తనకి తెలుసు. ఇంకొన్నాళ్ళయ్యాక అంటూ ఒక బతుకంతా గడిపినవాడు.

అడగాల్సింది చిన్న మాటే. ‘నేను నమ్మవచ్చా?’ అంతే. నదికి ఈ ఒడ్డునా, అవతల స్వీడన్ ఒడ్డునా విశ్వాసుల ఇళ్ళలో పుట్టిన పిల్లలందరికీ ఆ మాట తెలుసు. దారి తప్పినవాడు ఒక విశ్వాసి దగ్గరికొచ్చి, తన తప్పు చెప్పుకుని ఆ మాట అడగాలి. ఆ విశ్వాసి పాస్టరే కానక్కర్లేదు, పాలు పితికే ముసలావిడైనా చాలు. మెడ చుట్టూ చేతులేసి చెవి దగ్గర చెబుతారు: యేసు నామంలో, ఆయన రక్తంలో, నీ పాపాలన్నీ క్షమించబడ్డాయి, నమ్ము. అంతటితో అయిపోతుంది. అరక్షణం కింద బయట ఉన్నవాడు లోపల ఉంటాడు. ఇంత తేలికైనదాన్ని ఇన్నేళ్ళు ఎందుకు మోశానా అని తనెలికి ఒక్కోసారి నవ్వొస్తుంది. తేలిక కావడమే బరువు. మోకాళ్ళ మీద నడిచి రమ్మన్నా వచ్చేవాడు, ఏడాదిపాటు ఉపవాసం చెయ్యమన్నా చేసేవాడు. అందులో తను చేసింది కాస్త ఉంటుంది. ఇక్కడ తను చేసేదేం లేదు. నోరు తెరిచి అడగాలి, తీసుకోవాలి. పైగా ఎవరూ ముందుకు తొయ్యరు. నువ్వు అడిగేదాకా అలా చూస్తూ, నీకు కాఫీ పోస్తూ ఉంటారు.

పోస్తూనే ఉంది వదిన సిల్వి, వచ్చిన రోజు నుంచీ. “ఏమయ్యా మరిదీ, ఆ స్వీడన్ వాళ్ళు నిన్ను పీల్చి పిప్పి చేసి పంపినట్టున్నారే. తిను. జున్ను ముక్క కాఫీలో వేసి, నానాక తినాలి. అదీ మర్చిపోయావా?”

“మర్చిపోలేదు వదినా.”

“అయితే ఇంకో ముక్క వేస్తున్నా. వద్దంటే వినను.”

ఆ వంటింట్లో గడియారం చప్పుడు వినిపిస్తుంది. చెంచా గిన్నెకి తగిలితే వినిపిస్తుంది. అంత నిశ్శబ్దంలో ‘నేను నమ్మవచ్చా’ అని ఎలా అంటాడు మనిషి? ఆ మాట గది మధ్యలో బల్ల మీద పెట్టినట్టు నిలబడిపోతుంది. సోమవారం అనలేదు. మంగళవారం అన్నయ్యతో కట్టెలు పేరుస్తూ అనబోయాడు, కట్టెల సంగతి మాట్లాడాడు. ఆదివారం ప్రార్థన మందిరంలో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. వాక్యం అయిపోతుండగా ముందు వరసలో ఒకావిడ ఏడుస్తూ పక్కావిడ వైపు తిరిగింది, పక్కావిడ ఆమె మెడ చుట్టూ చేతులేసింది, ఆ వెనకాల ఇంకొకావిడ లేచింది. ఆ మెల్లని గొంతులు, ముక్కులు చీదుకోవడం, ఎవరో చంటిపిల్లని ఊరడించడం, అన్నీ ఒక వెచ్చటి నీళ్ళలా వెనక బెంచీదాకా వచ్చాయి. చీలమండల దాకా వచ్చాయి. అప్పుడు లేచి బయటికెళ్ళి సిగరెట్టు ముట్టించాడు.

నెస్తొరి వల ఎత్తాడు. వలలో వెండిరంగు చేప ఒకటి వంకర్లు తిరుగుతోంది. ఒడుపుగా దాన్ని పెట్టెలోకి జార్చి, వెనక్కి చూసి కనుబొమలెగరేశాడు. అంతే. అన్నయ్య ఎప్పుడూ ఇంతే. ముఖంలో ఒక్క కనుబొమలే కదులుతాయి, మిగతాదంతా నిలకడ. ఆదివారాలు ఆయనే వాక్యం చెబుతాడు, రైతుబిడ్డ చెప్పినట్టే చెబుతాడు, అప్పుడూ గొంతు పెరగదు. ఆ నిలకడ అంటే తనెలికి చిన్నప్పుడు భయం. ఇప్పుడూ భయమే. ఆయన్ని కాక వదిననే అడగొచ్చు. దారిన పోయే ఏ విశ్వాసినైనా అడగొచ్చు. వచ్చే మాట అదే. కానీ అన్నయ్య నోటి నుంచి వస్తేనే నమ్మగలనని తనెలికి లోపలెక్కడో పట్టుదల. అది విశ్వాసమా, చిన్నపిల్లాడి మారామా?

రాగానే గుమ్మం దగ్గర అన్నయ్య చెయ్యి కలిపి “బాగున్నావా?” అన్నాడు. బాగానే ఉన్నానన్నాడు తనెలి. అందులో తప్పేం లేదు. బయటివాళ్ళతో అలాగే అంటారు. లోపలివాళ్ళు ఒకరికొకరు ఎదురైతే చెయ్యి పట్టుకుని ‘దేవుని శాంతి’ అంటారు, అవతలివాళ్ళూ ‘దేవుని శాంతి’ అంటారు. కొట్లో ఉప్పు కొనుక్కునేటప్పుడైనా, ఆసుపత్రి వరండాలోనైనా సరే. చిన్నప్పుడు ఆ మాట చెవికి ఆనేదే కాదు, ఊపిరి పీల్చినట్టు ఉండేది. బయటికి పోయాకే వినిపించడం మొదలైంది. అమ్మ అంత్యక్రియలకి వచ్చినప్పుడు వరసగా నిలబడ్డ చుట్టాల మధ్య నడుస్తూ ఉంటే ముందువాడికి ‘దేవుని శాంతి’, తనకి ‘బాగున్నావా’, తన వెనకవాడికి మళ్ళీ ‘దేవుని శాంతి’. ఎవరి గొంతులోనూ కోపం లేదు. ఎవరూ వెలివెయ్యలేదు. తనే బయటికెళ్ళాడు. తలుపు తీసే ఉంది. ఆ తీసి ఉన్న తలుపే, మూసి ఉన్నదానికంటే ఎక్కువ సిగ్గు పుట్టించేది.

ఆపైన మొన్న కొట్లో జరిగిన పని. వెర్నెరి తాత, నాన్న స్నేహితుడు, కళ్ళు మసకేశాయి. రొట్టెల అర దగ్గర నిలబడ్డ తనెలిని వెనక నుంచి చూసి ఎవరనుకున్నాడో, నాన్న పోలిక చూసి ఇంటి మనిషి అనుకున్నాడో, దగ్గరికొచ్చి చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపాడు. “దేవుని శాంతి బాబూ!” తనెలి నోరు ఊరుకోలేదు. ‘తాతా, నేను తనెలిని, నేను బయటివాడిని’ అనాలి. ఆ నోరు దానంతటది అనేసింది: “దేవుని శాంతి.” ముసలాయన ముఖం విప్పారింది. తనెలి ఒంట్లో కూడా ఏదో విప్పారింది, ఒక్క క్షణం, ఎంత తియ్యగా ఉందంటే చెప్పలేడు. తర్వాత రొట్టె తీసుకోకుండానే బయటికొచ్చేశాడు. తనది కానిది తీసుకున్నాడు. గుడ్డివాడి చేతిలోంచి తీసుకున్నాడు. భార్యని వదిలేసినవాడు, తాగి రేవు మెట్ల మీద పడుకున్నవాడు, రెండో ఆడమనిషి ఇంట్లో ఏళ్ళ తరబడి బతికినవాడు, వాటన్నిటితోనూ తెల్లారి లేచి ముఖం కడుక్కోగలిగాడు గానీ ఈ చిన్న దొంగ మాట గొంతులో ముల్లులా అడ్డంపడి కూర్చుంది. మనసు లెక్కలు మనసువే. పెద్దవాటికి తోలు కప్పుతుంది, చిన్నదాన్ని పచ్చిపుండుగా ఉంచుతుంది.

గొంతు. అంతా గొంతు దగ్గరే మొదలైంది. మందిరంలో వాద్యాలేవీ లేవు ఆ రోజుల్లో. ఎవరో ఒకరు పాట ఎత్తుకోవాలి. మీసాలు కూడా రాని తనెలి ఎత్తుకునేవాడు, మందిరమంతా వెనకాల వచ్చేది. నాన్న కళ్ళు మూసుకునేవాడు. నెస్తొరి ఎంత పని చేసినా, ఎంత గడ్డి కోసినా నాన్న అలా కళ్ళు మూసుకునేవాడు కాదు. ఆ మూసుకున్న కళ్ళ కోసమే పాడేవాడేమో. దేవుడి కోసం కాదేమో. అప్పుడే తప్పాడేమో దారి, మందిరం నట్టనడుమ నిలబడి, స్తుతి పాడుతూ. ఆ తర్వాతవన్నీ మెట్లు. ఎవరూ ఒక్కసారిగా పడరు, దిగుతారు. చెరువు పక్కన బర్చ్ చెట్లకి రంగుదీపాలు కట్టిన నాట్యశాల ఉండేది, విశ్వాసులు అటు పోరు. మొదటిసారి కంచె బయట సైకిలు మీదే, ఒక కాలు నేలకి ఆనించి విన్నాడంతే. వినడంలో ఏముంది? రెండోసారి కంచె లోపల. ఎవరో ‘నువ్వు పాడతావటగా’ అన్నారు. వేదిక ఎక్కాడు. ఆ ఎండాకాలపు సాయంత్రం జనం కళ్ళు మూసుకుని ఒకరి భుజాల మీద ఒకరు వాలి తిరుగుతున్నారు. ఎన్ని మూసిన కళ్ళు! ఒక్క నాన్నవి కాదు, చెరువు ఒడ్డు నిండా. ఆ రోజు గెలిచాననుకున్నాడు.

“ఒరేయ్!” నెస్తొరి కేక. కేక వినపడలేదు, నోరు తెరుచుకోవడం కనపడింది. చేప ఒకటి పెట్టెలోంచి ఎగిరి పలకల మీద కొట్టుకుంటూ అంచుకి జారుతోంది. తనెలి బోర్లా పడి రెండు చేతులతో పట్టాడు. చల్లటి జిగురు కండ అరచేతుల్లో మెలితిరిగింది. పెట్టెలో వేసి మూత వేశాడు. నెస్తొరి భుజాలు కదిలాయి, నవ్వుతున్నాడు. ముక్కు కింద నీళ్ళు తుడుచుకుంటూ తనెలీ నవ్వాడు. గట్టు మీద ఇంకా ఎవరూ లేరు. పక్కింటివాళ్ళు వచ్చేసరికి వీళ్ళ వంతు అయిపోతుంది, మంచె దిగాలి. దిగితే మళ్ళీ వంటిల్లు, మళ్ళీ గడియారం.

పాటలు పాపం కావని తనెలి లోపల ఒకడు ఇప్పటికీ వాదిస్తాడు. వాడొక వకీలు, ఎప్పుడూ ఇస్త్రీ బట్టల్లోనే ఉంటాడు. లోకంలో ఎంతమంది దేవుణ్ణి నమ్ముకుంటూనే నాట్యశాలకి వెళ్ళడం లేదు? ఈ ఒక్క నది పక్కనే కదా ఇన్ని పట్టింపులు? నిజమే, తనెలి ఒప్పుకుంటాడు. పాట పాపం కాకపోవచ్చు. కానీ భార్య ఐలి పొయ్యి మీద మూత పెట్టి ఉంచిన గిన్నె సంగతేంటి? ఐలి ఏమీ అనేది కాదు. కడుపుతో ఉంది. గిన్నె మీద పళ్ళెం బోర్లించి, దాని మీద గుడ్డ కప్పి నిద్రపోయేది. తెల్లవారుజామున వచ్చి, మూత తీసి, చల్లారిన బంగాళాదుంపలు నిలబడే తినేవాడు. గొంతు కోసం ఒక గుక్క అని మొదలుపెట్టింది అప్పటికే సీసా అయింది. పిల్ల పుట్టాక ఒక పూట గుమ్మంలో నిలబడి ‘క్రిస్మస్ లోపల వచ్చేస్తాను’ అన్నాడు. స్వీడన్‌లో ఓడలు కట్టే చోట పని ఉందట, మంచి కూలి అట. ఐలి పిల్లని చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. వెనక్కి తిరిగి చూడలేదు తను. తిరిగితే ఆగిపోయేవాడు, ఆ సంగతి అప్పుడే తెలుసు, తెలిసే తిరగలేదు. వకీలుకి చెప్పడానికేముంది ఇక్కడ? ఇస్త్రీ చొక్కా సర్దుకుని మాట మారుస్తాడు: అప్పుడు చిన్నవాడివి కదా.

స్వీడన్‌లో ఆ రెండో ఆవిడ, గున్నెల్, మంచి మనిషి. ఆవిణ్ణి తలుచుకుంటే అదొక వేరే నొప్పి. దేవుడూ దయ్యమూ ఏదీ పట్టని మనిషి, ఇంట్లో చోటిచ్చింది, తాగి వస్తే బూట్లు విప్పింది. చివరికి ఒక రోజు అలసిపోయి అతని సంచీ గుమ్మం బయట పెట్టింది. “నువ్వు ఇక్కడ లేవు తనెలీ, ఎక్కడో ఉన్నావు. ఎక్కడో అక్కడికే వెళ్ళు” అంది, తిట్టినట్టు కాదు, దారి చెప్పినట్టు. ఎక్కడికని అప్పుడు తెలీలేదు. మొన్న చలికాలం ఊపిరితిత్తులకి జబ్బు చేసి ఆసుపత్రిలో పడుకున్నాడు. నర్సు వివరాలు రాసుకుంటూ, ఏమన్నా అయితే ఎవరికి చెప్పాలి అని అడిగింది. ఎవరూ లేరనే అనబోయాడు, జ్వరంలో కూడా ఆ మాట సిద్ధంగానే ఉంది. నోట్లోంచి మాత్రం “మా అన్నయ్య, నెస్తొరి” అని వచ్చింది. వచ్చాక తనే ఆశ్చర్యపోయి కప్పు వంక చూస్తూ ఉండిపోయాడు. ఇన్నేళ్ళుగా లోపల ఎవరో తనకి తెలియకుండా అక్కడి దీపంలో నూనె పోస్తూ ఉన్నారన్నమాట. ఎవరు వాళ్ళు? మనసు అంటారు చదువుకున్నవాళ్ళు. అమ్మ ప్రార్థన అంటుంది వదిన. తనెలికి ఏ పేరూ అక్కర్లేదు. ఎవరో ఉన్నారు, అంతే.

అయినా అనుమానం తీరదు. ఒంట్లో ఓపిక తగ్గి, చేతులు వణికి, పక్కన ఎవరూ లేక వచ్చావు తప్ప పశ్చాత్తాపంతో వచ్చావా? ఇది దేవుడి మీద ఆకలా, వెచ్చటి వంటింటి మీద ఆకలా? వేరు చెయ్యడానికి ఎంతసేపు ప్రయత్నించినా రెండూ ఒకే పాత్రలో కలిపేసిన పాలూ నీళ్ళూ. శుభ్రమైన కారణంతో రావాలంటే ఈ జన్మకి రాలేడు. వచ్చే ముందు ఐలికి ఫోను చేశాడు, కెమిలో ఉంటోంది, కూతురి ఇంటికి దగ్గర్లో. “బాగున్నావా” అంది ఐలి. వానల గురించి చెప్పింది. ఈసారి అడవిలో నల్ల పళ్ళు బాగా కాస్తాయట. కూతురు ఇర్యాకి ఇంకో బిడ్డ పుట్టిందట. తనెలి ‘నన్ను’ అని మొదలుపెట్టి ఆగిపోయాడు. ఐలి అందుకుని, “ముందు నెస్తొరి దగ్గరికి వెళ్ళు. నా దగ్గరికి తర్వాత రావచ్చు, నేనేం ఎక్కడికీ పోను” అంది. అరిచి ఉంటే బావుండేది. అరుపు ముందు నిలబడటం తనకి వచ్చు.

నెస్తొరి వెనక్కి జరిగాడు. కర్ర తనెలి వైపు చాపాడు. వంతు వచ్చింది.

లేచి, మంచె అంచుకి నడిచాడు. కర్ర అనుకున్నదానికంటే బరువుగా ఉంది. ముంచాడు. నది కర్రని గుంజుకుంది, భుజాలు ఊడొచ్చినంత పనైంది. నీళ్ళలో ఏమీ కనపడదు, తెల్లటి నురుగు తప్ప. ఎదురీదే చేపలు రాళ్ళ చాటున అలుపు తీర్చుకుంటాయి, ఆ చాటు ఎక్కడో చేతికి తెలియాలి. చిన్నప్పుడు తెలిసేది. ఇప్పుడు కర్ర ఒకసారి రాయికి తగిలింది, ఒకసారి వల తిరగబడింది. ఖాళీ. ఖాళీ. వెనక నుంచి నెస్తొరి వచ్చి పక్కన నిలబడి, అతని చెవికి నోరు ఆనించి అరిచాడు:

“ఏంట్రా ఆ కలపడం? నువ్వు పడుతున్నావా, చారు కాస్తున్నావా?”

“చెయ్యి మర్చిపోయింది అన్నయ్యా!”

“చెయ్యి మర్చిపోదు. నువ్వు దాన్ని పోనివ్వడం లేదు. నీటితో పోనీ.”

నెస్తొరి తన చెయ్యి అతని చేతి పక్కన కర్ర మీద వేశాడు. రెండు జతల చేతులతో వల మునిగింది, వాలుకి పోయింది, లేచింది. ఖాళీ. మళ్ళీ మునిగింది. అన్నయ్య గడ్డం తన చెవి పక్కనే ఉంది, కాఫీ వాసన, తడిసిన ఉన్ని వాసన. ఇంత దగ్గరగా నిలబడి ఎన్నాళ్ళయింది? ఈ హోరులో మాట్లాడాలంటే ఇలా దగ్గరకి రాక తప్పదు. ముఖాలు చూసుకోనక్కర్లేదు, ఇద్దరూ నీళ్ళ వంకే చూడొచ్చు. అడగడానికి వీల్లేని చోటు అనుకున్నాడు. గట్టు మీద నిలబడి చూసినవాడు అనుకునే మాట అది. నోరు తెరిచాడు. ఐలి పేరు వస్తుందనుకున్నాడు, ముందు వచ్చింది అది కాదు.

“వెర్నెరి తాతకి బదులు చెప్పాను!”

నెస్తొరి తల తిప్పాడు.

“కొట్లో! నన్నెవరో అనుకుని దేవుని శాంతి అన్నాడు. నేనూ అన్నాను! నాది కానిది తీసుకున్నాను!” ఇంత గట్టిగా తన పాపం తను అరవడం తనెలి ఎరగడు. మెల్లగా, తల వంచుకుని, గొణుగుతూ చెప్పాల్సినవి ఇవి. గొణిగితే ఇక్కడ నది తినేస్తుంది. ప్రతి మాటకీ ఊపిరి తీసుకుని, కడుపులోంచి, పాట ఎత్తుకున్నట్టు ఎత్తుకోవాల్సి వచ్చింది. “ఐలిని వదిలేశాను! వస్తానని అబద్ధం చెప్పి వెళ్ళాను. పిల్లని పెంచలేదు! తాగాను, ఇంకొకావిడ దగ్గర ఉన్నాను, ఆవిణ్ణీ ఏడిపించాను. అమ్మ జబ్బుగా ఉందని కబురు పెడితే రాలేదు, పోయాక వచ్చాను! నాన్న ముందు పాడింది కూడా దేవుడికి కాదు అన్నయ్యా, అదీ నా కోసమే!” వల నీళ్ళలో ఉండిపోయింది, నది దాన్ని లాగుతోంది, వదలకుండా పట్టుకునే ఉన్నారిద్దరూ. “ఎందుకొచ్చానో కూడా సరిగ్గా తెలీదు! ఒంటరిగా ఉండలేక వచ్చానేమో!”

“ఎందుకొస్తే ఏంట్రా!” అని అరిచాడు నెస్తొరి. “వచ్చావు కదా!”

“నేను నమ్మవచ్చా?”

నెస్తొరి కర్ర మీంచి ఒక చెయ్యి తీసి అతని మెడ చుట్టూ వేశాడు. తడిసిన రబ్బరు చొక్కా చెయ్యి, చేప పొలుసులు అంటుకున్న చెయ్యి. చెవిలో అరవలేదు. చెవి మీద పెదవులు ఆనించి మామూలు గొంతుతోనే అన్నాడు, ఆ మామూలు గొంతు ఎముకలోంచి వెళ్ళింది. “నమ్ము. యేసు నామంలో, ఆయన రక్తంలో, నీ పాపాలన్నీ క్షమించబడ్డాయి. అన్నీ. వెర్నెరి తాతది కూడా. నమ్ము తమ్ముడూ.”

ఏదో దిగివస్తుందని ఎదురుచూశాడు తనెలి. ఏమీ దిగలేదు. ఆకాశం ఇందాకటిలాగే బూడిదరంగులో ఉంది, అవతలి ఒడ్డున స్వీడన్ వాళ్ళ గడ్డి ఇందాకటిలాగే పచ్చగా ఉంది, మోకాళ్ళు చలికి నొప్పెడుతున్నాయి. కానీ లోపల వకీలు మాట్లాడటం లేదు. వాడు వెళ్ళిపోయాడో, కూర్చుని కాగితాలు సర్దుకుంటున్నాడో తెలీదు, మాట మాత్రం లేదు. ఆ ఖాళీ ఎంత పెద్దదో ఇప్పుడే తెలిసింది. పెద్ద గదిలోంచి పాత సామాను తీసేస్తే అడుగుల చప్పుడు కొత్తగా వినిపించినట్టు ఉంది. ఐలి దగ్గరికి వెళ్ళాలి. అది తప్పదు, అక్కడ ఏం అంటుందో తెలీదు. అయినా వెళ్ళగలడు. రేపు బస్సు స్వీడన్ రైలుకి కాదు, కెమికి. ఆ ఆలోచన ఎంత సులువుగా వచ్చిందంటే అది ఎవరో వేరేవాళ్ళ ఆలోచన అనిపించింది.

వల పైకి లాగబోయాడు. నెస్తొరి చెయ్యి ఇంకా మెడ మీదే ఉంది. తియ్యడం లేదు. తనెలి తల తిప్పి చూశాడు. అన్నయ్య ముఖంలో కనుబొమలు కాదు, కింద పెదవి కదులుతోంది.

“నాకూ కావాలి” అన్నాడు నెస్తొరి.

“ఏంటి?”

“నువ్వు నాకు చెప్పు ఇప్పుడు!” ఈసారి అరిచాడు, వాక్యం చెప్పేటప్పుడు కూడా ఎప్పుడూ అరవని మనిషి. “నువ్వు పోయిన రోజు నాన్న పశువుల కొట్టంలో ఏడ్చాడు. నేను చూశాను. నాకు ఏడుపు రాలేదురా! ఇక మందిరంలో పాట ఎత్తుకునేవాడు లేడు, ఇక నాన్న నా వైపు చూస్తాడు అనుకున్నాను. నీ కోసం పైకి ప్రార్థన చేశాను, లోపల నువ్వు రాకపోతే బావుణ్ణనుకున్నాను! ఎన్నేళ్ళో!”

ఇన్నాళ్ళూ ఆ నిలకడ వెనక ఉన్నది ఇదా? తను రేవు మెట్ల మీద పడుకున్నన్ని రోజులూ, అన్నయ్య ఇక్కడ బల్ల దగ్గర తలవంచి తన పేరు చెబుతూ, ఆ పేరు చెప్పినప్పుడల్లా ఒక అబద్ధం మింగుతూ కూర్చున్నాడా? ఇద్దరిలో ఎవరు ఎక్కువ దూరం పోయినట్టు?

“ఎవరికైనా చెప్పుకోవాల్సింది కదా అన్నయ్యా. ఎవరైనా క్షమించేవాళ్ళు కదా!”

“చెప్పుకుంటే ఆ మాట చెప్పేవాళ్ళే. నాకు నీ నోటితో కావాలి. నువ్వు బయట ఉంటే నీ నోటితో ఎలా వస్తుంది? అందుకని కూర్చున్నాను.” నెస్తొరి ముక్కు మోచేత్తో తుడుచుకున్నాడు. “ఆ గుమ్మంలో నిన్ను చూసి బాగున్నావా అని ఎలా అన్నానో నాకే తెలుసు.”

“నేనా? ఇప్పుడే వచ్చినవాణ్ణి! తడి కూడా ఆరలేదు!”

“ఇప్పుడే వచ్చావా, ఎప్పుడో వచ్చావా అని ఎవడడిగాడు? లోపలే ఉన్నావుగా. చెప్పరా!”

గట్టు మీద పక్కింటివాళ్ళు ఇద్దరు వల భుజాన వేసుకుని వచ్చి నిలబడ్డారు. వీళ్ళ వంతు అయిపోయింది. తనెలి చెయ్యెత్తి కాస్త ఆగమని సైగ చేశాడు. కర్ర వల నీళ్ళలోంచి తీసి, పలకల మీద అడ్డంగా పడుకోబెట్టాడు. నెస్తొరి టోపీ తీసి గుప్పిట్లో నలుపుతూ తల వంచాడు. నెత్తి మీద జుట్టు ఎప్పుడో పోయింది, నున్నటి తెల్లటి తల, చెవుల పైన కాసిని నెరిసిన వెంట్రుకలు, నీటి తుంపర వాటి మీద పూసలుగా నిలిచింది. పుట్టి బుద్ధెరిగాక అన్నయ్య తలని తను తాకలేదు. తాకాడు. చల్లగా ఉంది. దాన్ని రెండు చేతుల మధ్యా పట్టుకుని, చెవి మీదికి వంగి, యేసు నామంలో అని మొదలుపెట్టాడు. సగంలో ఒక మాట తప్పినట్టనిపించింది. తప్పిన మాటతో అన్నయ్యని ఇంటికి పంపడం ఇష్టం లేక, ఊపిరి పీల్చుకుని, మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు.